కాలేజీల జీపీయూ సర్వర్ ఉంది, స్టూడెంట్లకు లాగిన్ లేదు. ఏం చేయాలె?

బత్తాయి_తోట
నల్లగొండ దగ్గర ఇంజినీరింగ్ కాలేజీ, పేరు వద్దు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు: బత్తాయి ఆకు ఫొటో చూసి గజ్జి తెగులా, ఆకుముడతా, మంచి ఆకా అని చెప్పుడు. ఫొటోలు 12,000 ఉన్నయి. కాలేజీల ఒక సర్వర్ ఉంది. ఎన్విడియా ఏ100 జీపీయూ కార్డులు (మోడల్ ట్రెయినింగ్ లెక్కలు చేసేవి) రెండు, ఒక్కోటి 40 జీబీ. ర్యామ్ 256 జీబీ. రీసెర్చ్ ల్యాబ్‌ల తాళమేసి ఉంటది. అడిగితే లెటర్ పెట్టుమంటరు, లెటర్ పెడితే కార్డులు ఖాళీ లేవంటరు. రీసెర్చ్ స్కాలర్ అన్న స్క్రీన్ మీద చూస్తే మెమొరీ 38 జీబీ నిండి ఉంది, పక్కన వాడకం 0 శాతం. ఇది నిజంగ బిజీ ఉన్నట్టేనా? మా బ్యాచ్ 180 మందికి దీన్ని పంచే పద్ధతి ఏమన్న ఉందా, ఆశ ఇడిసిపెట్టాల్నా?

దిండి_వాగు
తాళంచెవి సార్ జేబుల, సార్ ఎల్బీనగర్ బస్సుల. అన్ని కాలేజీలల్ల ఒకటే ఆర్కిటెక్చర్ అన్నా.

పిల్లలమర్రి_నీడ
బిజీ కాదు, కబ్జా. టెన్సర్‌ఫ్లో (మోడళ్లు ట్రెయిన్ చేసే లైబ్రరీ) మొదలవగానే కనిపించిన కార్డు మెమొరీ దాదాపు మొత్తం ముందే పట్టుకుంటుంది, దాని అలవాటే అది. పని 3 జీబీదే అయినా 38 చూపిస్తుంది. పైగా జూపిటర్‌లో ట్యాబ్ మూసేస్తే నోట్‌బుక్ ఆగదు. వెనక కెర్నల్ (కోడ్ నడిపే ప్రాసెస్) బతికే ఉంటుంది, మెమొరీ వదలదు. సోమవారం ట్యాబ్ మూసి వెళ్లిన మనిషి మళ్లీ సోమవారం వచ్చినా ఆ 38 అట్లనే ఉంటుంది. కెర్నల్ షట్‌డౌన్ కొట్టాలి. లేదా ఎన్విడియా-ఎస్ఎంఐ (కార్డుల వాడకం చూపే కమాండ్) అడుగున కనిపించే ప్రాసెస్ నంబరు పట్టుకొని కిల్ చేయాలి.

ఇప్పటికి ఆ అన్నతో టీఎఫ్_ఫోర్స్_జీపీయూ_అలో_గ్రోత్ వేరియబుల్ ట్రూ పెట్టించు, కావాల్సినంతే తీసుకుంటుంది. కానీ రోగం వేరే. మీ సర్వర్ మీద క్యూ లేదు, ముందు వచ్చిన వాడిదే రాజ్యం. క్యూ లేని చోట కార్డులు రెండున్నా ఇరవై ఉన్నా ఇదే కథ.

రూట్_పాస్‌వర్డ్
అంటే ఆర్టీసీ బస్సు కిటికీల నుంచి సీటు మీద కర్చీఫ్ ఏసినట్టు.

దిండి_వాగు
కర్చీఫ్ 38 జీబీ 😂

సర్వర్_కాపలాదారు
ల్యాబ్ చూసుకునే వాళ్ల వైపు నుంచి కూడా వినండి. 180 మందికి లాగిన్ ఇస్తే మొదటి వారంలో జరిగేది చెప్తాను. పైటార్చ్, ఎన్విడియా వాళ్ల కూడా (CUDA) లైబ్రరీలు కలిసిన ఒక కాండా ఎన్విరాన్‌మెంట్ (లైబ్రరీల సెట్) సుమారు 6 జీబీ. మనిషికి రెండు చొప్పున వేసుకుంటే 2,160 జీబీ. స్టూడెంట్ల ఫైళ్లుండే హోమ్, సిస్టమ్ ఫైళ్లుండే రూట్ ఒకే పార్టిషన్‌లో ఉంటే డిస్క్ నిండిన రోజు ఎవరికీ లాగిన్ రాదు. తర్వాత ఒకరు డాకర్ (ప్రోగ్రాంలను కంటైనర్లలో నడిపే సాఫ్ట్‌వేర్) అడుగుతారు. డాకర్ గ్రూపులో చేర్చడమంటే రూట్, అంటే సర్వర్ మీద పూర్తి అధికారం, చేతికిచ్చినట్టే. ఇంకొకరు రాత్రి కాయిన్ మైనింగ్ పెడతారు. పాస్‌వర్డ్ స్టూడెంట్123. వీటన్నిటికీ సమాధానం చెప్పాల్సింది ల్యాబ్ టెక్నీషియన్, ఎందుకంటే చాలా కాలేజీల్లో సిస్టమ్ అడ్మిన్ అనే పోస్టే లేదు. తాళం ఊరికే వేయరు.

పిల్లలమర్రి_నీడ
కాపలాదారు గారు చెప్పిన ప్రతి భయమూ నిజమే. అయితే ప్రతి దానికీ తెలిసిన మందుంది, తాళం అందులో లేదు. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

క్యూ కోసం స్లర్మ్ (జాబులను, అంటే మనం ఇచ్చే పనులను, వరుసలో నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టండి. ఒక్క మెషీనే అయినా పర్వాలేదు, కంట్రోలర్, పని చేసే నోడ్ రెండూ అదే కావచ్చు. ముందు మంజ్ (స్లర్మ్ భాగాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టే సర్వీస్), దాని కీ ఫైలు మంజ్ యూజర్ పేరు మీద, పర్మిషన్ 400. తర్వాత స్లర్మ్‌డీ -సి కొడితే ఆ మెషీన్ కోర్లు, సాకెట్లు, మెమొరీ లెక్క ఒక లైనుగా వస్తుంది. దాన్నే కాన్ఫిగ్ ఫైల్లో పేస్ట్ చేయండి, చేత్తో టైప్ చేయొద్దు. మెమొరీ అంకె అసలుకన్నా ఎక్కువ రాస్తే నోడ్ వెంటనే డ్రెయిన్‌లోకి పోతుంది, కొత్త జాబులు తీసుకోదు. అందరూ మొదటి రోజు తినే దెబ్బ అదే.

జాబులకు గిరి గీసే సీగ్రూప్ ఫైల్లో కన్‌స్ట్రెయిన్‌డివైసెస్, కన్‌స్ట్రెయిన్‌ర్యామ్‌స్పేస్ రెండూ యస్ ఉండాలి. మొదటిది లేకపోతే ఏ కార్డు వాడాలో చెప్పే కూడా_విజిబుల్_డివైసెస్ వేరియబుల్ ఉత్త మర్యాద మాత్రమే. స్టూడెంట్ 0 తీసి 1 రాస్తే పక్కవాడి కార్డు మీద కూర్చుంటాడు. రెండోది లేకపోతే ఒకడి పాండాస్ ఫైలు 256 జీబీ తిని అందరి జాబులూ పడగొడుతుంది.

మనిషికి ఒకేసారి ఒక జీపీయూ, రెండు జాబులు, ఒక జాబుకు పగలు 4 గంటలు. ఈ హద్దులు స్లర్మ్ వాడకం నియమాలైన క్యూఓఎస్‌లో పెట్టాలి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. క్యూఓఎస్ పని చేయాలంటే స్లర్మ్‌డీబీడీ (వాడకం లెక్క రాసే సర్వీస్), మరియాడీబీ (దాని డేటాబేస్) నడుస్తుండాలి. కాన్ఫిగ్‌లో అకౌంటింగ్‌స్టోరేజ్‌ఎన్‌ఫోర్స్ అనే లైనులో లిమిట్స్, క్యూఓఎస్ రెండూ రాయాలి. ఆ ఒక్క లైను మరిచిపోతే హద్దులన్నీ కాగితం మీద అందంగా ఉంటాయి, ఎవరినీ ఆపవు.

డిస్క్: హోమ్ వేరే పార్టిషన్, ఎక్స్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్, మనిషికి 20 జీబీ గట్టి కోటా. పైటార్చ్, టెన్సర్‌ఫ్లో ఒకే చోట ఆప్ట్ ఫోల్డర్ కింద పెట్టి అందరికీ చదివే హక్కు మాత్రమే ఇవ్వండి, అప్పుడు 180 కాపీలు ఉండవు. డాకర్ వద్దు, ఆప్టెయినర్ ఇవ్వండి, రూట్ లేకుండానే కంటైనర్ నడుస్తుంది. లాగిన్ కీతో మాత్రమే, పాస్‌వర్డ్ బంద్. పబ్లిక్ ఐపీ వద్దు, బయటి నుంచి రావాలంటే వైర్‌గార్డ్ వీపీఎన్. మైనింగ్ వాడికి 4 గంటల హద్దే సగం మందు. ఎవరు ఎన్ని గంటలు తిన్నారో ఎస్‌రిపోర్ట్‌లో పేరుతో సహా కనిపిస్తుందన్న సంగతి గోడ మీద అంటిస్తే మిగతా సగం.

రూట్_పాస్‌వర్డ్
గోడ మీద మన పేర్లు ఫీజు బాకీకే పడ్తయి అనుకున్న ఇన్నొద్దులు.

కోయిల్‌సాగర్_కట్ట
పైదానికి ఒకటి కలుపుతా. ఏ100 అంటే మిగ్ ఉన్నట్టే, ఒక కార్డును ఏడు ముక్కలు చేయొచ్చు. 40 జీబీ కార్డులో 5 జీబీవి ఏడు, లేదా 10 జీబీవి మూడు, లేదా 20 జీబీవి రెండు. ప్రతి ముక్కకూ తన మెమొరీ, తన కోర్లు వేరు. ఒకడు మెమొరీ దాటించుకుంటే వాడి జాబే పడుతుంది, పక్కవాడికి తెలియను కూడా తెలియదు. ఒక కార్డు ఏడు ముక్కలు, రెండోది నిండుగా ఉంచితే ఒకేసారి ఎనిమిది మంది పని చేసుకుంటారు.

జాగ్రత్తలు మూడు. మోడ్ మార్చేటప్పుడు ఆ కార్డు మీద ఏ ప్రాసెస్ ఉండకూడదు, కర్చీఫ్‌లన్నీ ముందు తీసేయాలి. రీబూట్ అయితే మిగ్ మోడ్ ఉంటుంది గానీ ముక్కలు పోతాయి. బూట్‌లోనే మళ్లీ చేసేలా మిగ్ మేనేజర్ సర్వీస్ పెట్టకపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ స్లర్మ్ జీపీయూలు లేవని ఏడుస్తుంది. మూడోది, ఒక ప్రోగ్రాం ఒక ముక్కనే వాడగలదు. రెండు ముక్కలు కలిపి 10 చేస్తానంటే కుదరదు.

ఉదయసముద్రం
5 జీబీ అంటే మరీ చిన్నగ లేదా? రెస్‌నెట్-50 మోడల్, ఫొటో 512 సైజు, బ్యాచ్ (ఒకేసారి చూపే ఫొటోలు) 32 పెడితే పడిపోతది.

కోయిల్‌సాగర్_కట్ట
పడిపోతుంది, నిజమే. మిక్స్‌డ్ ప్రెసిషన్‌లో (కొన్ని లెక్కలు 16 బిట్లలో) బ్యాచ్ 8 పెట్టి నాలుగుసార్లు గ్రేడియంట్ (మోడల్‌ను ఎటు సవరించాలో చెప్పే అంకెలు) కూడబెట్టి ఒకసారి అప్‌డేట్ చేస్తే 32 పెట్టినట్టే. బ్యాచ్ సగటుతో అంకెలు సరిచేసే బ్యాచ్‌నార్మ్ లేయర్లకు మాత్రం 8 గానే కనిపిస్తుంది. ముందే ట్రెయిన్ అయిన మోడల్ కాబట్టి ఆ లేయర్లు ఫ్రీజ్ చేస్తే చాలు.

ఉదయసముద్రం
సరే ఒప్పుకున్న. బత్తాయి తమ్మీ, కాలేజీ సర్వర్ వచ్చేదాక నీ ప్రాజెక్టు ఆపకు. 12,000 ఫొటోలకు ఏ100 అక్కరలేదు. కాగిల్ సైట్‌ల ఫోన్ నంబర్ వెరిఫై చేస్తే వారానికి 30 గంటల దాక జీపీయూ ఉచితం. టీ4 రెండు గాని, పీ100 ఒకటి గాని వస్తది, 16 జీబీ. నువ్వు టీ4 తీసుకో, దాంట్ల టెన్సర్ కోర్లు ఉంటయి, మిక్స్‌డ్ ప్రెసిషన్ ఫాయిదా దొరుకుతది. పీ100ల అవి లేవు. సేవ్ వర్షన్‌ల మొత్తం రన్ చేసే ఆప్షన్ పెడితే ల్యాప్‌టాప్ మూసినా వెనక నడుస్తది, 12 గంటల దాక. గూగుల్ కోలాబ్ ఉచిత దాంట్ల అది లేదు, ట్యాబ్ ఇడిసిపెట్టి చాయ్ తాగొచ్చేసరికి కట్ అయిపోతది.

ఫొటోలు ఫోన్‌ల తీసినవేనా? సైజు చెప్పు.

బత్తాయి_తోట
ఫోన్‌వే. ఒక్కోటి 4000×3000, 4 ఎంబీ దాక. మొత్తం 48 జీబీ. కోలాబ్‌ల డ్రైవ్ నుంచి చదివిస్తే ఒక ఎపాక్‌కు (ఫొటోలన్నీ ఒక చుట్టు చూసుడుకు) రెండు గంటలు పడుతుంది. అందుకే పెద్ద కార్డు కావాలె అనుకున్న.

ఉదయసముద్రం
దొరికింది దొంగ. నీ కార్డు పని చేస్తలేదు, ఫొటోల కోసం ఎదురు చూస్తుంది. ఏ100 ఇచ్చినా గదే రెండు గంటలు. ఎందుకంటే 12,000 చిన్న ఫైళ్లు డ్రైవ్ నుంచి ఒక్కొక్కటి రావాలె, వచ్చిన ప్రతి ఫొటో 12 మెగాపిక్సెల్ విప్పాలె, విప్పినంక 224కు కుదించి మిగతాది పారెయ్యాలె. ఇది ప్రతి ఎపాక్‌కు మళ్లా మొదటి నుంచి. ల్యాప్‌టాప్‌ల ఒక్కసారి అన్నీ చిన్నగ చేసి, ఒకే జిప్ చేసి ఎక్కియ్యి. నోట్‌బుక్ మొదట్ల దాన్ని లోకల్ డిస్క్ మీద విప్పుకో. ఫొటోలు అందించే డేటాలోడర్‌ల వర్కర్లు 0 ఉంటది, 4 పెట్టు. ఒక ఎపాక్ నిమిషాల లెక్కల వస్తది.

కోయిల్‌సాగర్_కట్ట
224కు మాత్రం కుదించకు. గజ్జి మచ్చ మొదట్లో గుండుసూది తలంత ఉంటుంది. 4000 పిక్సెళ్ల ఫొటోలో 40 పిక్సెళ్లున్న మచ్చ 224 చేస్తే రెండు పిక్సెళ్లు. మోడల్ ఆకుపచ్చ రంగు తప్ప ఏం నేర్చుకోదు. ముందు ఆకు వరకు క్రాప్ చేసి, అప్పుడు 512 చేయి. జేపెగ్ ఒక్కోటి 80 కేబీ లోపు, మొత్తం జీబీ లోపే.

ఉదయసముద్రం
అవును, అది కరెక్ట్. నేను మామూలు ఫొటోల లెక్క చెప్పిన.

బత్తాయి_తోట
రాత్రి క్రాప్ చేసి, 512 పెట్టి, జిప్ ఎక్కించిన. ఎపాక్ 3 నిమిషాలకు వచ్చింది. రెండు గంటల నుంచి మూడు నిమిషాలు! మరి సర్వర్ అడుగుడు బంద్ చేయాల్నా?

పిల్లలమర్రి_నీడ
ఎందుకు బంద్ చేయాలి? నీ ఒక్కడి ప్రాజెక్టుకు కాగిల్ సరిపోయింది, మంచిదే. కానీ క్యూలో జాబు పెట్టడం, మెమొరీ లెక్క వేసి అడగడం, పడిపోతే లాగ్ చదవడం కాగిల్ నేర్పదు. అది నేర్పే యంత్రం మీ కాలేజీలోనే ఫ్యాను తిప్పుకుంటూ ఊరికే ఉంది.

జడ్చర్ల_జంక్షన్
ఏ100 ఉన్నోళ్ల లొల్లి బాగుంది. మా దగ్గర అదీ లేదు. ల్యాబ్‌ల ఐ5 పీసీలు 60 ఉన్నయి, 8 జీబీ ర్యామ్, గిగాబిట్ స్విచ్. రాత్రంతా బంద్ ఉంటయి. వీటిని కలిపి క్లస్టర్ చేస్తే మోడల్ ట్రెయినింగ్ చేయొచ్చా?

కోయిల్‌సాగర్_కట్ట
క్లస్టర్ చేయొచ్చు, ట్రెయినింగ్ చేయొద్దు. లెక్క చూడు. రెస్‌నెట్-50లో 2.56 కోట్ల పారామీటర్లు, ఒక్కోటి 4 బైట్లు, అంటే సుమారు 102 ఎంబీ. ప్రతి స్టెప్ తర్వాత అన్ని మెషీన్లూ ఈ 102 ఎంబీ గ్రేడియంట్లు ఒకరికొకరు చెప్పుకోవాలి. గిగాబిట్ కాగితం మీద సెకనుకు 125 ఎంబీ, చేతికొచ్చేది 110 దగ్గర. పంపడానికి ఒక సెకను, తిరిగి తెచ్చుకోవడానికి ఇంకో సెకను. 60 పీసీలు లెక్క చేసే టైమ్ కన్నా మాట్లాడుకునే టైమ్ ఎక్కువ.

దిండి_వాగు
గ్రామసభ లెక్క.

కోయిల్‌సాగర్_కట్ట
అదే. కానీ ఒకరితో ఒకరికి మాటలు అక్కరలేని పనికి ఆ 60 పీసీలు బంగారం. 500 రకాల పారామీటర్లతో ఒకే సిమ్యులేషన్, వెయ్యి మాలిక్యులర్ డాకింగులు, బ్లెండర్ ఫ్రేములు, మాంటె కార్లో ఇట్లాంటివి. స్లర్మ్‌లో ఎరే జాబు అంటారు. 1 నుంచి 500 అని ఒక్క లైను రాస్తే 500 పనులూ ఖాళీ ఉన్న మెషీన్ల మీద పంచుకుపోతాయి. ఇలాంటి క్లస్టర్లకు బేవుల్ఫ్ అని పేరు. 1994లో నాసా గొడ్డార్డ్‌లో 16 మామూలు పీసీలతో మొదలైంది. అక్కడా ఈథర్‌నెట్టే.

ల్యాబ్ పీసీల్లో విండోస్ ఉండి, రీస్టార్ట్ చేస్తే అన్నీ చెరిపేసే సాఫ్ట్‌వేర్ వేసి ఉంటుంది కదా. దాన్ని ముట్టుకోకండి. రాత్రి నెట్‌వర్క్ నుంచి పీఎక్స్ఈ బూట్‌తో లినక్స్ ఎక్కించండి, హార్డ్‌డిస్క్ జోలికి పోదు, పొద్దున రీస్టార్ట్ చేస్తే విండోస్ వస్తుంది. బయాస్‌లో నెట్‌వర్క్ బూట్, వేక్ ఆన్ ల్యాన్ (నెట్‌వర్క్ నుంచి పీసీని లేపడం) రెండూ ఆన్ చేయడానికి మాత్రం 60 పీసీల దగ్గరికీ ఒకసారి నడవాలి. అన్ని మెషీన్లలో యూజర్ నంబర్లు ఒకటే ఉండాలి, లేకపోతే ఎన్ఎఫ్ఎస్ (అన్ని మెషీన్లూ పంచుకునే డిస్క్) మీద ఫైళ్లు వేరే వాళ్ల పేరు మీద పడతాయి. గడియారాలు క్రోనీ అనే సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఉంచు. అయిదు నిమిషాలు తేడా వస్తే మంజ్ ఆ మెషీన్‌ని లోపలికి రానివ్వదు, ఎర్రర్ చూస్తే పాస్‌వర్డ్ తప్పేమో అనిపిస్తుంది.

సర్వర్_కాపలాదారు
రాత్రి కరెంటు బిల్లు ఎవరు కడతారు?

మూసీ_గేట్లు
లెక్క కట్టి చూద్దాం. పనిలో ఉన్న ఐ5 పీసీ మానిటర్ లేకుండా 100 వాట్లు అనుకో. 60 కలిపి 6 కిలోవాట్లు. 10 గంటలకు 60 యూనిట్లు. యూనిట్ ₹10 వేసుకున్నా రాత్రికి ₹600. రోజూ కాదు, జాబులున్న రాత్రే.

అసలు భయపడాల్సింది మే నెల. ఏ100ల సర్వర్ మాట కొస్తా. కార్డులు పీసీఐఈవి అయితే ఒక్కోటి 250 వాట్లు, ప్రాసెసర్లు, ఫ్యాన్లు, డిస్కులు కలిపి 1.2 నుంచి 1.5 కిలోవాట్లు. ఆ మొత్తం వేడిగా గదిలోనే పడుతుంది. టన్ను ఏసీ 3.5 కిలోవాట్ల వేడి లాగుతుంది కాబట్టి లెక్కకు సరిపోతుంది. కానీ బయట 44 డిగ్రీలున్నప్పుడు దాని బలం తగ్గుతుంది, ఒకటే ఏసీ 24 గంటలు తిరిగితే కంప్రెసర్ పోతుంది. 1.5 టన్నువి రెండు పెట్టి మార్చి మార్చి నడపాలి.

ఎవరూ చూడని సంగతి ఇంకోటి. యూపీఎస్ మీద సర్వర్ ఉంటుంది, ఏసీ ఉండదు. కరెంటు పోతే సర్వర్ చల్లగా బతికే ఉందనుకుంటారు. చిన్న గది, తలుపు మూసి ఉంటే కొన్ని నిమిషాల్లోనే వేడెక్కిపోతుంది. కరెంటు వచ్చాక కూడా ఆటో రీస్టార్ట్ లేని ఏసీ రిమోట్ నొక్కేదాకా లేవదు. శనివారం సాయంత్రం కరెంటు పోయి వస్తే సోమవారం దాకా గదిలో ఏసీ లేదు, సర్వర్ ఉంది. యూపీఎస్‌కు యూఎస్‌బీ కేబుల్ కలిపి నట్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టండి. కరెంటు 5 నిమిషాలు రాకపోతే జాబులు ఆపి సర్వరే పద్ధతిగా పడుకుంటుంది. వేసవి రెండు నెలలు ఎన్విడియా-ఎస్ఎంఐ -పీఎల్ 200 కొట్టి కార్డులకు వాట్లు తగ్గించండి. వేగం కొంచెమే తగ్గుతుంది, వేడి మాత్రం బాగా తగ్గుతుంది.

సర్వర్_కాపలాదారు
ఏసీ రీస్టార్ట్ సంగతి నూటికి నూరు పాళ్లు నిజం. దీన్ని ప్రింట్ తీసి పెట్టుకుంటున్నా.

రూట్_పాస్‌వర్డ్
న్యాక్ టీమ్ వచ్చే రోజు మాత్రం రెండు ఏసీలు నడుస్తయి, సర్వర్‌కు పూలదండ కూడా పడ్తది.

దిండి_వాగు
ఇంత కష్టమెందుకు, సంగారెడ్డి దగ్గర కందిల ఐఐటీ హైదరాబాద్‌ల పరమ్ సేవ సూపర్‌కంప్యూటర్ ఉంది గదా. గవర్నమెంట్‌దే. దాంట్ల అకౌంట్ అడుగుదాం.

పిల్లలమర్రి_నీడ
ఉంది. 2015లో మొదలైన నేషనల్ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ పెట్టినవాటిలో ఒకటి, 838 టెరాఫ్లాప్స్. కానీ ఇలాంటి చోట్ల అకౌంట్ స్టూడెంట్ పేరు మీద అడగడం దండగ. ఫ్యాకల్టీ పేరు మీద, ప్రాజెక్టు ప్రతిపాదనతో పోవాలి. వాళ్లు మొదట అడిగేది, నీ ప్రోగ్రాం ఎన్ని కోర్ల దాకా సాగుతుంది అని. 1, 2, 4, 8, 16 కోర్ల మీద నడిపి టైమ్‌లు పట్టిక వేసి పెట్టాలి. ప్రోగ్రాంలో పదో వంతు ఒకే కోరు మీద నడిచేదైతే వెయ్యి కోర్లిచ్చినా పది రెట్లకన్నా వేగం రాదు, అమ్దాల్ సూత్రం. ఆ పట్టిక వేయడానికైనా కాలేజీలో ఒక యంత్రం మీద లాగిన్ కావాలి.

జీపీయూనే కావాలంటే ఇండియాఏఐ మిషన్ ఉంది, 2024 మార్చిలో కేబినెట్ ₹10,372 కోట్లతో ఆమోదించింది. దాని పోర్టల్‌లో అర్హత ఉన్నవాళ్లకు జీపీయూ గంటల ఖర్చులో 40 శాతం దాకా రాయితీ ఇస్తారు. మిగతాది మనం కట్టాల్సిందే, కాబట్టి నోట్‌బుక్ తెరిచి కర్చీఫ్ వేసే అలవాటున్నవాళ్లు అటు పోవద్దు. యంత్రమే లేని కాలేజీలకు సీడాక్ వాళ్ల పరమ్ శావక్ అనే టేబుల్ పక్కన పెట్టుకునే పెట్టె ఉంది, దానికి వేరే డేటా సెంటర్ అక్కరలేదు. జడ్చర్ల తమ్ముడు మీ మేనేజ్‌మెంట్‌కు దాని పేరు చెప్పొచ్చు.

జడ్చర్ల_జంక్షన్
ల్యాబ్‌కు కుర్చీలు అడిగి రెండేళ్లైంది. చెప్తా లే.

సోమశిల_పుట్టి
మా దగ్గర స్లర్మ్ పెట్టిన్రు, కాని నా జాబు పీడీ (పెండింగ్)లనే ఉంటది. క్యూ చూపే ఎస్‌క్యూ కొడితే బ్రాకెట్ల ప్రయారిటీ అని వస్తుంది. ఎనిమిది గంటలైంది. నా తర్వాత పెట్టినోనిది పోయింది, నాది పోలె. రికమండేషన్ ఉంటదా దీంట్ల కూడా?

పిల్లలమర్రి_నీడ
రికమండేషన్ లేదు. స్క్రిప్టులో టైమ్ రాశావా?

సోమశిల_పుట్టి
లేదు. రాయకున్నా నడుస్తది గదా.

పిల్లలమర్రి_నీడ
నడుస్తుంది, కానీ రాయకపోతే ఆ పార్టిషన్‌కు (స్లర్మ్‌లో క్యూ పేరు అది) పెట్టిన డీఫాల్ట్ టైమ్ తీసుకుంటుంది. అదీ పెట్టకపోతే గరిష్ఠ హద్దు, బహుశా 24 గంటలు. ముందున్న పెద్ద జాబు కోసం కార్డులు కూడగడుతున్నప్పుడు మధ్యలో రెండు గంటల సందు దొరికితే స్లర్మ్ ఆ సందులో పట్టే జాబును ముందుకు తోస్తుంది. బ్యాక్‌ఫిల్ అంటారు. వాడు గంటన్నర అని రాశాడు, సందులో దూరాడు. నువ్వు ఏం రాయకుండా 24 గంటల మనిషివయ్యావు. ఒకసారి చిన్న డేటాతో నడిపి టైమ్ చూసుకో, దానికి మూడో వంతు కలిపి రాయి. మరీ బిగించి రాస్తే టైమ్ దాటగానే చంపేస్తుంది, చెక్‌పాయింట్ (మధ్యలో దాచుకున్న కాపీ) లేకపోతే పని మొత్తం పోతుంది.

కోయిల్‌సాగర్_కట్ట
కోర్లు ఎన్ని అడిగావో కూడా చూడు. 32 కోర్లు అడిగి మామూలు పైథాన్ లూప్ నడిపేవాళ్లను రోజూ చూస్తాం, ఒక కోరు ఉరుకుతుంది, 31 కూర్చుంటాయి. జాబు అయిపోయాక సెఫ్ కొట్టి జాబు నంబర్ ఇస్తే సీపీయూ ఎంత శాతం వాడావో, మెమొరీ ఎంత తాకిందో చెప్తుంది. సీపీయూ 3 శాతం వస్తే 32 అడిగి ఒకటే వాడినట్టు.

సోమశిల_పుట్టి
3.1 వచ్చింది 🙈 కోర్లు 2, టైమ్ 2 గంటలు పెట్టిన. పది నిమిషాలల్ల పోయింది.

నాగార్జున_ఎడమకాల్వ
విండోస్‌ల రాసిన స్క్రిప్టును క్యూల పెట్టనీకి ఎస్‌బ్యాచ్ కొడితే డాస్ లైన్ బ్రేక్స్ అని తిడుతుంది.

కోయిల్‌సాగర్_కట్ట
డాస్2యూనిక్స్ కొట్టి ఆ ఫైలు పేరు ఇయ్యి. అయిపోతుంది.

బత్తాయి_తోట
సరే, ఈసారి లెటర్ గట్టిగ రాద్దాం అనుకుంటున్నం. దాంట్ల ఏం ఉండాలె? పోయినసారి "విద్యార్థుల ప్రయోజనార్థం" అని రాసినం, ఫైల్ల పడ్డది.

పిల్లలమర్రి_నీడ
ప్రయోజనం గురించి ఒక్క లైను కూడా వద్దు, అంకెలు పెట్టు. రీసెర్చ్ స్కాలర్ అన్నతో ఎన్విడియా-ఎస్ఎంఐ క్వెరీ మోడ్‌లో వాడకం శాతం, మెమొరీ రెండు కాలమ్స్ సీఎస్‌వీగా, 300 సెకన్లకు ఒకసారి రాసేలా పెట్టించు. రోజుకు కార్డుకు 288 లైన్లు. రెండు వారాలకు 4,032. వాటిలో సున్నా శాతం ఉన్న లైన్లు ఎన్నో లెక్కపెట్టి మొదటి పేరాలో రాయి. తర్వాత అడిగేది చిన్నదిగా ఉండాలి. 180 మందికి కాదు, ముందు 20 మందికి, ఒకే కార్డు, ఏడు ముక్కలు, పగలు 4 గంటల హద్దు, ఒక నెల ప్రయోగం. రెండో కార్డు రీసెర్చ్ వాళ్లదే, ముట్టుకోం అని స్పష్టంగా రాయి. వాళ్ల భయం సగం అక్కడే పోతుంది.

సర్వర్_కాపలాదారు
నేనైతే ఆ లెటర్ మీద సంతకం పెట్టడానికి ఇంకో మూడు అడుగుతా. ఇద్దరు స్టూడెంట్లు బాధ్యులుగా ఉండాలి, అందులో ఒకరు థర్డ్ ఇయర్ అయ్యుండాలి. ఫైనల్ ఇయర్ వాళ్లే చూసుకుంటే మేలో వెళ్లిపోతారు, జూన్‌లో కాన్ఫిగ్ ఎవరికీ తెలియదు. చేసిన ప్రతి మార్పూ తేదీతో ఒక ఫైల్లో ఉండాలి. బ్యాకప్ మా బాధ్యత కాదని, స్క్రాచ్ (తాత్కాలిక ఫైళ్ల చోటు)లో 30 రోజులు ముట్టని ఫైళ్లు చెరిపేస్తామని ప్రతి స్టూడెంటూ సంతకం పెట్టాలి. ఈ చివరిది లేకపోతే రివ్యూ ముందు రోజు నా ఫోన్ మోగుతూనే ఉంటుంది.

దిండి_వాగు
కాపలాదారు గారు మన పార్టీల కలిసిన్రు.

సర్వర్_కాపలాదారు
కలవలేదు. షరతులు చెప్పా.

మూసీ_గేట్లు
లెటర్‌లో ఏసీ ఆటో రీస్టార్ట్ కూడా రాయి. గదికి రెండో తాళంచెవి టెక్నీషియన్ దగ్గర ఉండాలని కూడా.

(నెలన్నర తర్వాత)

బత్తాయి_తోట
లాగ్ రెండు వారాలు తీసినం. కార్డులు రెండూ ఎక్కువ లైన్లల్ల సున్నానే. ఆ కాగితం చూసినంక ప్రిన్సిపల్ సార్ ఏమనలె, 20 మందికి ఒక నెల అన్నరు. స్లర్మ్ పెట్టినం. మొదటి రోజు పిల్లలమర్రి అన్న చెప్పినట్టే మెమొరీ అంకె చేత్తో రాసి డ్రెయిన్‌ల పడ్డం. ఎన్‌ఫోర్స్ లైను మరిచిపోలె. ఒకసారి కరెంటు పోయి వచ్చినంక నోడ్ డౌన్ అనే ఉండె, కారణం అనుకోకుండ రీబూట్ అయింది అని.

పిల్లలమర్రి_నీడ
దానికి కాన్ఫిగ్‌లో రిటర్న్‌టుసర్వీస్ 2 పెట్టు, తనే లేస్తుంది. ఇప్పటికి ఎస్‌కంట్రోల్‌తో ఆ నోడ్ స్టేట్ రిజ్యూమ్ అని కొట్టు.

బత్తాయి_తోట
పెట్టినం. ఇప్పుడు కొత్త తక్లీఫ్. రాత్రి 9 అయింది, కార్డు ఖాళీ ఉంది, నా ముందు ఎవరూ లేరు. నైట్ పార్టిషన్‌ల 12 గంటల జాబు పెడితే పీడీ. బ్రాకెట్ల రెక్‌నోడ్‌నాట్‌అవైల్, రిజర్వ్‌డ్ ఫర్ మెయింటెనెన్స్ అంటుంది.

సర్వర్_కాపలాదారు
రేపు పొద్దున 6 గంటలకు ఏసీ సర్వీసింగ్‌కు మనిషి వస్తున్నాడని ఉంటుంది, మీ టెక్నీషియన్ రిజర్వేషన్ పెట్టి ఉంటారు. ఎస్‌కంట్రోల్ షో రిజర్వేషన్ కొట్టి చూడు.

బత్తాయి_తోట
అవును, 06:00 నుంచి 09:00.

పిల్లలమర్రి_నీడ
9 నుంచి 12 గంటలంటే పొద్దున 9 అవుతుంది, రిజర్వేషన్ మీదికి పోతుంది, అందుకే ఆపింది. ఎస్‌కంట్రోల్ అప్‌డేట్‌తో జాబు నంబర్ ఇచ్చి టైమ్‌లిమిట్ 08:00:00 చేయి. తగ్గించడానికి అడ్మిన్ అక్కరలేదు, పెంచడానికే కావాలి. చెక్‌పాయింట్ ప్రతి ఎపాక్‌కు ఉందా?

బత్తాయి_తోట
ఉంది. చేసిన.

ఆర్ (రన్నింగ్) పడ్డది.